చెంచయ్య గొంగళికి పట్టిన చిమ్మెట

జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడి ఒంటిమీద ఇంటిదాకా వచ్చేది దూది ఒక్కటే కాదు. సంతోషకుమారి తండ్రి నల్లపాడు నుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ మిల్లుకు పోయి, పొద్దుగూకే వేళకు కనుబొమల నిండా దూది నూగుతో తిరిగొచ్చేవాడు. గుమ్మం బయట చొక్కా విదిలిస్తే అప్పుడప్పుడు ఒక గులాబీరంగు పురుగు రాలేది. తక్కిన పిల్లలైతే చెప్పుకాలితో నలిపేసేవాళ్ళే. ఈ పిల్ల మాత్రం దాన్ని అగ్గిపెట్టెలో వేసి, తోడుగా ఒక పత్తిగింజ పెట్టి, ఏమవుతుందో చూద్దామని కూచునేది. ఒకనాడు పెట్టె తెరవగానే బూడిదరంగు రెక్కలు టపటపా కొట్టుకుంటూ ఆమె ముఖం మీదుగా ఎగిరిపోయాయి. ఆ సంగతి ఇంట్లో వాళ్ళు విసుక్కునేదాకా చెప్పింది.

ఆ బుద్ధే ఆమెను జువాలజీ డిగ్రీ దాకా లాక్కెళ్ళింది. చదువయ్యాక పత్తి చేలల్లో దీపపు ఎరలు, మగ పురుగుల్ని వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలు వేలాడదీసి, వాటిలో పడ్డ గులాబీ పురుగు రెక్కల పురుగుల్ని ఏరి పరీక్షించే పని దొరికింది. ఎండనబడి, బురదనబడి ఊళ్ళు తిరిగింది. రెక్కల మీది మచ్చ చూసి ఏ పురుగో చెప్పేసేది. రైతులు ఆమెను "పురుగుల మేడమ్ గారు" అనేవాళ్ళు. ఆ ప్రాజెక్టు ముగిసిపోయాక కొన్నాళ్ళు ఖాళీగా ఉంది. ప్రసన్నకుమార్‌తో పెళ్ళయింది. అతను చెరువుల దగ్గర రొయ్యలెక్కించుకుని ఒంగోలు అవతల ఫ్యాక్టరీకి తోలే వ్యాను డ్రైవరు. నెమ్మదైన మనిషి. పెళ్ళయిన మూడో ఏట ఆమెకు మిషన్ మ్యూజియంలో ఉద్యోగం వచ్చింది.

చిలకలూరిపేట నుంచి అద్దంకి పోయే దారిలో, పత్తి మిల్లులకూ ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకీ నడుమ, పాత మిషన్ కాంపౌండు ఒకటుంది. దొరలు కట్టిన రాతి బడిని చర్చి కమిటీవాళ్ళు మ్యూజియం చేశారు. లోపల పాత ఫొటోలు, మందుల సీసాలు, గాజుకళ్ళతో చూసే కూరిన పక్షులు, ఎన్నేళ్ళనుంచో మోగని కాలితొక్కుడు హార్మోనియం ఒకటి ఉన్నాయి. అయితే జనం వచ్చేది వాటికోసం కాదు, చెంచయ్య గొంగళికోసం.

ముత్తాతల కాలం నాటి మాట. కరువులో దారి పొడుగునా మనుషులు రాలిపోతుంటే, చెంచయ్య అనే కూలి మనిషి చచ్చిపోయిన తల్లి పక్కన ఏడుస్తున్న ఇద్దరు పసివాళ్ళను చూశాడు. తన నల్ల గొంగళిలో ఇద్దర్నీ మూటగట్టి వీపున వేసుకుని ఈ కాంపౌండు దాకా నడిచాడు. పిల్లలు బతికారు. గంజి పోస్తున్న వరసలో నిలబడే చెంచయ్య పడిపోయాడు. ఆ పిల్లల సంతానం, చెంచయ్య కొడుకుల సంతానం ఇప్పుడు ఈ చుట్టుపక్కల పాలేలన్నిటా ఉన్నారు. ఏటా పంటకూర్పు పండగనాడు గొంగళిని చర్చిలోకి తెస్తారు. బిడ్డలు లేనివాళ్ళు, బిడ్డలకు జబ్బు చేసినవాళ్ళు వరసలో వచ్చి దాన్ని చేత్తో తాకి, కళ్ళకద్దుకుని పోతారు. తక్కిన రోజులన్నీ అది చెక్క షోకేసులో మడతపెట్టి ఉంటుంది. దాని తాళం సంతోషకుమారి దగ్గర ఉంటుంది.

ఆ ఏడు కార్తీకం వానలు వెలిశాక మ్యూజియం కిటికీల దగ్గర సన్నటి రెక్కల పురుగులు కనబడసాగాయి. కమిటీ కార్యదర్శి సాల్మన్ గారు వాటిని చూసి కంగారు పడ్డాడు. ఆయన మిర్చి వ్యాపారి. సరుకులో పురుగు కనబడితే కొనేవాడు గుమ్మం దిగిపోతాడని ఎరిగినవాడు. సంతోషకుమారి కిటికీ గూట్లో రాలిన వాటిని కాగితం మీదికి తీసి భూతద్దంతో చూసింది. బూడిద, గోధుమ కలిసిన రంగు, రెక్కల మీద నల్లటి చారలు, చివర కుచ్చు. తన చిన్ననాటి నేస్తాలే. మిల్లులో గింజల కుప్పలనుంచి దీపాల వెలుతురుకు ఎగిరొచ్చినవి.

కమిటీ కూచున్నప్పుడు అదే చెప్పింది. ఇవి గులాబీ పురుగులు, పత్తికాయ తప్ప మరోటి ముట్టవు, గుడ్డ జోలికి పోవు, మన సరుకుకు భయం లేదు అంది. అందరూ తలలూపారు. సాల్మన్ గారు నలుగురిలో ఆమెను మెచ్చుకున్నాడు కూడా.

క్రిస్మస్ అయిపోయి, పండగ ఇంకా నెల పైచిలుకు ఉందనగా, షోకేసు తుడుద్దామని గొంగళిని బయటికి తీసింది. మడత విప్పగానే కింద పరిచిన తెల్లగుడ్డ మీద నల్లటి పొడి రాలింది. ఇసుకలా గరగరమంటోంది. ఇసుకైతే నల్లగా ఎందుకుంటుంది? వేలితో నలిపి చూసింది. అచ్చం గొంగళి రంగే, ఏదో పురుగు రెట్ట. మడత లోపలి పక్క బియ్యపు గింజంత పొడుగున, సాలెగూడులాంటి తెల్లటి పట్టు గొట్టాలు ఉన్ని పోగులకు అతుక్కుని ఉన్నాయి. ఒకదాన్ని సూదితో విప్పితే లోపల తేనెరంగు తలతో తెల్లటి పురుగు మెదిలింది. గొంగళిని కిటికీకి ఎదురుగా పట్టి చూసింది. చెంచయ్య వీపున పిల్లలు ఉండి ఉంటారని అందరూ తడిమే ఆ నడిమి భాగంలో, చిన్నచిన్న చుక్కలుగా వెలుతురు కనబడింది.

ఎవరైనా చూశారేమోనని ముందు తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. గొంగళిని ఎలా ఉన్నదాన్ని అలా మడతపెట్టి, తాళం వేసి, స్టూలు మీద కూలబడింది. భయం లేదని నలుగురిలో చెప్పిన నోరు తనదే. గులాబీ పురుగు ఉన్ని తినదు, అది ఎంత నిజమో ఈ చిల్లులూ అంతే నిజం. మరి తిన్నదెవరు?

ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఇంటికెళ్ళి అన్నం వార్చబోయి గంజి చేతిమీద పోసుకుంది. ఏమైందని ప్రసన్నకుమార్ అడిగితే తలనొప్పి అంది. మర్నాడు మ్యూజియానికి వెళ్ళగానే శరత్‌చంద్ర గారికి ఫోను చేసింది. పత్తి చేలల రోజుల్లో ఆయన తన పై అధికారి. ఇప్పుడు వ్యవసాయ కళాశాలలో పురుగుల శాస్త్రం చెబుతున్నాడు. ఆమె చెప్పినదంతా విని, ఆ గొట్టాన్ని పురుగు వీపున మోసుకు తిరుగుతోందా, లేక గొట్టం గుడ్డకే అతుక్కుని ఉందా అని అడిగాడు. అతుక్కునే ఉందని చెప్పింది. స్నానాల గదుల గోడల మీద గింజలాంటి బూడిద గూటిని ఈడ్చుకు పాకే పురుగులు కావు కదా అని మళ్ళీ అడిగాడు. కాదంది. అయితే పెద్దదాన్ని, రెక్కలొచ్చినదాన్ని చూస్తేగాని పేరు చెప్పలేనన్నాడు.

"కిటికీ దగ్గర చూస్తే దొరకదమ్మా. ఆ జాతి వెలుతురుకు రాదు, వెలుతురు పడితే పారిపోతుంది. తలుపులన్నీ మూసి, మూలల్లో చూడు."

అప్పుడు తెలిసింది ఆమెకు తను ఎక్కడ తప్పిందో. దీపానికి వచ్చేవాటిని పట్టడం నేర్చుకున్న మనిషి కాబట్టి దీపం దగ్గర దొరికినవాటినే పరీక్ష చేసింది. అవి ఏవో సరిగ్గానే చెప్పింది. చీకటి మూలల్లోకి మాత్రం తొంగి చూడలేదు.

తలుపులు, కిటికీలు బిగించి, సెల్‌ఫోను దీపం పట్టుకుని షోకేసు ముందు కూచుంది. చాలాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత గొంగళి మడత అంచున ఏదో మెరిసింది. గోధుమ గింజకన్నా చిన్నది. వడ్లపొట్టు రంగు రెక్కలు. ఒక్క మచ్చ లేదు, ఒక్క చార లేదు. నడినెత్తిన ఎర్రటి కుచ్చు. దీపం దగ్గరికి తేగానే ఎగరలేదు, చీమలాగా పరిగెత్తి మడత లోపలికి దూరిపోయింది. ఎలాగో ఒకదాన్ని సీసాలో పట్టి, భూతద్దంలోంచి ఫొటో తీసి పంపింది. జవాబు ఎంతోసేపు పట్టలేదు. ఉన్నిని తినే చిమ్మెటే, అనుమానం లేదు. భూమ్మీద దాచుకున్నదాన్ని చిమ్మెట తినేస్తుందని చర్చి ప్రసంగాల్లో ఎన్నిసార్లో విన్న మాట అది. ఇన్నాళ్ళూ అది మాటగానే తెలుసు ఆమెకు.

శరత్‌చంద్ర గారు ఇంకో సంగతి కూడా చెప్పాడు. శుభ్రమైన ఉన్నికన్నా చెమట, నూనె అంటిన ఉన్ని అంటే దానికి ప్రాణమట. ఏటేటా వందల చేతులు తడిమే చోటే ఎందుకు చిల్లులు పడ్డాయో ఆమెకు అర్థమైంది. ఈ మాట జనానికి ఎవరు చెప్పగలరు?

చెప్పకుండా ఉండే దారి కూడా ఒకటుంది. గొంగళిని తిరగేసి మడిస్తే ఈ పండగ గడిచిపోతుంది. చిల్లులు కనబడవు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తలకొట్టేసినట్టయింది. ఇంట్లో భర్తకు అన్నీ చెప్పి, రేపు సాల్మన్ గారికి చెబుతానంది. ఉద్యోగం పోతే అన్న మాట పైకి అనలేదు గాని ఇద్దరికీ వినబడింది. చెప్పకపోతే నువ్వు ఇలాగే చేతులు కాల్చుకుంటూ ఉంటావని ప్రసన్నకుమార్ అన్నాడు.

సాల్మన్ గారు కేకలు వేయలేదు. గొంగళిని కిటికీ వెలుతురుకు ఎత్తి చిల్లులు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. చివరికి, మిర్చి గోడౌన్లలో పురుగు పడితే తామేం చేస్తామో ఇక్కడా అదే చేద్దామన్నాడు. పట్టాలు కప్పి గ్యాస్ బిళ్ళలు వేయిస్తే ఒక్క పురుగు మిగలదు, ఆదివారం ఆరాధన వేళకల్లా పని అయిపోతుందన్నాడు. ఆమె వద్దని చెప్పబోయింది. ఆయన అప్పటికే ఫోను చెవిన పెట్టాడు. ఒకసారి భయం లేదని చెప్పిన మనిషి మాట రెండోసారి ఎంత బరువు తూగుతుంది?

ఆ మనుషులు వచ్చేదాకా ఉన్న రెండు రోజులూ ఆమె సరిగా తినలేదు. ఆ బిళ్ళల సంగతి ఆమెకు బాగా తెలుసు. గాలి తగిలితే వాటినుంచి విషవాయువు వస్తుంది. గోడౌను ఊరవతల ఒంటిగా ఉంటుంది కాబట్టి చెల్లుతుంది. ఇక్కడ మ్యూజియం వెనక గోడే బాలికల హాస్టలుకు పక్కగోడ. దొరలు కట్టినప్పుడు రెండూ ఒకే బడి. గోడ పైభాగాన వెంటిలేటర్లు అలాగే ఉన్నాయి. పట్టా ఎంత బిగించినా పాత రాతి సందుల్ని ఎవరు మూయగలరు? హాస్టలు వార్డెనుకు చెప్పి పిల్లల్ని పంపించేయమందామా అంటే, పరీక్షల రోజులు. సాల్మన్ గారికి మళ్ళీ ఫోను చేస్తే, మనుషులకు అనుభవం ఉందమ్మా, నువ్వు బెంగపడకు అన్నాడు.

శనివారం ఉదయం పట్టాలతో, ఇసుక మూటలతో కోల్డ్ స్టోరేజీ మనుషులు ట్రక్కు దిగారు. వెనకే సాల్మన్ గారు వచ్చాడు. సంతోషకుమారి తాళంచెవి పిడికిట్లో బిగించి గుమ్మంలో నిలబడి ఉంది. పనివాళ్ళను కాసేపు బయటే ఉండమని, సాల్మన్ గారిని ఒక్కరినే లోపలికి రమ్మంది. ఆయన రాగానే తలుపు మూసేసింది.

"ఒక్క నిమిషం మాట్లాడకుండా వినండి సార్."

"ఏంటమ్మా వినేది?"

ఆమె వేలు పైకి చూపింది. గది నిశ్శబ్దమైంది. గోడ పైనుంచి, వెంటిలేటర్లలోంచి, ఆడపిల్లలు పాఠం వల్లె వేస్తున్న గొంతులు మాట మాటా విడిపోయి వినబడ్డాయి. ఒక పిల్ల ఎక్కడో తప్పు చదివింది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఎవరో దగ్గారు.

"ఆ మాటలు ఇటు వచ్చే దారినే ఈ గాలి అటు పోతుంది సార్. చిమ్మెటను చంపబోయి ఎవరిని చంపుతామో ఆలోచించండి."

సాల్మన్ గారు వెంటిలేటర్ల వైపు తలెత్తి చూశాడు. ఆయన మనవరాలు కూడా ఆ హాస్టల్లోనే ఉంది. బయటికి వెళ్ళి పట్టాలు మళ్ళీ ట్రక్కులో పడేయమని చెప్పాడు. తిరిగొచ్చి, మరి నువ్వే దారి చూపించు, పండగ దగ్గరపడుతోంది అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, బతిమాలినట్టుంది. ఆమెకు అది ఇంకా బరువనిపించింది.

ముందు వీటి పుట్టిల్లు ఎక్కడో కనిపెట్టాలని శరత్‌చంద్ర గారు చెప్పి ఉన్నాడు. ఒక్క గొంగళి నుంచే ఇన్ని పుట్టవు, ఇంకెక్కడో ఉన్నియో ఈకలో వెంట్రుకలో ఉండి తీరాలన్నాడు. సంతోషకుమారి అట్టముక్కలకు జిగురు పూసి గది మూలల్లో నేలమీద పెట్టింది. పక్షుల బీరువా కింద అట్ట ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గరి దాంట్లో ఒక సాలీడు, రెండు చీమలు. ఉత్తరపు మూల, హార్మోనియం వెనక పెట్టిన అట్ట మాత్రం చిమ్మెటలతో నిండిపోయి ఉంది. వడ్లపొట్టు చల్లినట్టుంది.

ఆ హార్మోనియం సాల్మన్ గారి నాయనమ్మ చర్చికి ఇచ్చింది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు తనే వాయించేదట. అందుకే దాన్ని విప్పాలంటే ఆయన్నే పిలిచింది. ఆయనే స్క్రూడ్రైవరు తీసుకుని వెనక చెక్క ఊడదీశాడు. వేళ్ళతో నొక్కే మెట్ల కింద, గాలి తిత్తుల అంచున, తయారుచేసినవాళ్ళు చప్పుడు రాకుండా అతికించిన ఎర్రటి దళసరి ఉన్నిగుడ్డ ఉండేదట. ఇప్పుడక్కడ గుడ్డ లేదు. బూజు తెరలు, గొట్టాలు, గుప్పెళ్ళకొద్దీ ఎర్రటి పొడి. వెలుతురు పడగానే బంగారు రంగు చిమ్మెటలు ఒక్కసారిగా నాలుగు పక్కలా పరిగెత్తాయి. సాల్మన్ గారు వెనక్కి జరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి తేరుకుని, మా నాయనమ్మ చూస్తే ఏడ్చేది అని మాత్రం అన్నాడు. ఆ పొడి, ఆ పీలికలు అన్నీ సంచుల్లోకి ఊడ్చి కాంపౌండు బయట తగలబెట్టారు. చెక్క సందులన్నీ సన్న ముక్కు గొట్టంతో పీల్చి శుభ్రం చేశారు.

ఇక గొంగళి మిగిలింది. మందు చల్లితే ఆ పాత రంగు నిలవదు, తాకే చేతులకూ మంచిది కాదు. పక్షం రోజులు గడ్డకట్టే చలిలో ఉంచితే పురుగు గుడ్డుతో సహా చస్తుందని శరత్‌చంద్ర గారు చెప్పాడు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెడదామని సాల్మన్ గారన్నాడు. ఆ చల్లదనం చాలదు, అందులో పురుగు నిద్రపోతుంది గాని చావదని శరత్‌చంద్ర గారు చెప్పాడు. ఆ రాత్రి ఇంట్లో అన్నం తింటూ భార్య నోట ఈ మాటలు వింటున్న ప్రసన్నకుమార్ చెయ్యి ఆగింది. మా ఫ్యాక్టరీలో రొయ్యలు రాయిలా అయ్యే గది ఉంది కదా అన్నాడు.

ఆ గది మేనేజరు సాదిక్ గారు ఒప్పుకున్నాడు. అయినా సంతోషకుమారికి ఊరట కలగలేదు. ఏసోబు గారికి చెప్పాలి. చెంచయ్య మునిమనవడు ఆయన. ఎనభై దాటిన మనిషి, మిరపకోతలకు పోయి పోయి నడుము వంగింది. ప్రతి శుక్రవారం పాలెం నుంచి నడిచొచ్చి షోకేసు ముందు కాసేపు కూచుని పోతాడు. ఆయనకు తెలియకుండా గొంగళి గడప దాటితే అది దొంగతనమే అనుకుంది.

వెళ్ళేసరికి ఆయన పంచలో మంచం మీద కూచుని ఉన్నాడు. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. గొంగళికి చిమ్మెట పట్టింది తాతయ్యా, నడిమిన చిల్లులు పడ్డాయి అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ముసలాయన గొంతు పెంచాడు.

"ఇన్నాళ్ళూ నువ్వేం చూస్తున్నావే అమ్మాయ్?"

"వెలుతుర్లో ఎగిరేవాటిని చూశాను తాతయ్యా. చీకట్లో తినేవాటిని చూడలేదు."

"రొయ్యలైసులో పెడతావా మా తాతను?"

అది గొంగళి అని ఆమె సరిచేయలేదు. ఎందుకు పెట్టాలో, పెట్టకపోతే ఏమవుతుందో నెమ్మదిగా చెప్పింది. నీచు వాసన అంటకుండా గుడ్డలో చుట్టి, దళసరి ప్లాస్టిక్‌లో గాలి చొరకుండా మూస్తామంది. ఆయన తల ఊపలేదు. ఆమె లేచి గుమ్మం దాకా వచ్చాక వెనకనుంచి పిలిచాడు. నేను కూడా వ్యానులో వస్తాను, నా ఒళ్ళో పెట్టుకునే వస్తాను అన్నాడు.

అలాగే వచ్చాడు. చలికాలపు ఎండలో, మిరప కల్లాలు ఎర్రగా పరిచిన దారి వెంట, రొయ్యల వ్యాను ముందు సీట్లో ప్లాస్టిక్ మూటను ఒడిలో పెట్టుకుని కూచున్నాడు. పక్కన సంతోషకుమారి, డ్రైవరు సీట్లో ప్రసన్నకుమార్. గతుకు వచ్చినప్పుడల్లా ముసలాయన మూటను గుండెకు హత్తుకునేవాడు. ఫ్యాక్టరీ దగ్గర తెల్ల కోటు, బూట్లు తొడుక్కుంటేగాని లోపలికి పంపబోమన్నారు. తొడుక్కున్నాడు. ఇనుప తలుపు తెరుచుకుని పొగలాంటి చలి మీదికి వచ్చినప్పుడు ఒక్క క్షణం తటపటాయించి, మూటను తనే అరమీద పెట్టాడు. బయటికొచ్చాక పళ్ళు టకటకలాడుతుంటే, మా తాతకు చలి కొత్త కాదులే అన్నాడు.

ఆ పక్షం రోజులు సంతోషకుమారికి కంటిమీద కునుకు లేదు. కరెంటు పోయిందంటే ఫ్యాక్టరీకి ఫోను చేసేది. జనరేటరు ఉంది మేడమ్ అని సాదిక్ గారు విసుగు లేకుండా చెప్పేవాడు. ఒకనాడు కొత్త పనివాడెవడో ఆ మూటను రొయ్యల పెట్టెలతోపాటు లారీ ఎక్కించే వరసలో పెట్టేశాడని కబురొచ్చింది. ప్రసన్నకుమార్ అక్కడే ఉండబట్టి సరిపోయింది. మూట గుర్తుపట్టి వెనక్కి తీసుకెళ్ళి అరమీద పెట్టాడు. మూట బయట ఉన్న ఆ కాసేపట్లో చలి తగ్గిందేమోనని ఇంకో వారం ఎక్కువ ఉంచమంది.

మూట తిరిగొచ్చాక కూడా వెంటనే విప్పడానికి లేదు. చల్లటి గుడ్డకు గాలి తగిలితే చెమ్మ పడుతుంది. ఒక రోజంతా మ్యూజియం బల్లమీద అలాగే ఉంచారు. విప్పేవేళకు ఏసోబు గారు, సాల్మన్ గారు ఇద్దరూ వచ్చారు. ఆమె గొట్టాలు ఒక్కొక్కటే విప్పి సూదిమొనతో పురుగుల్ని కదిపింది. కదల్లేదు. ఎండిపోయిన వరిగింజల్లా రాలాయి. మెత్తటి కుంచెతో దులిపింది. చిల్లులు మాత్రం చిల్లులే. ముసలాయన ఒంగి, ఒక చిల్లులోంచి బల్ల చెక్కను చూశాడు. నాకన్నా నయమే, నాకు పళ్ళు ఇంతకన్నా ఎక్కువ పోయాయి అన్నాడు.

పండగకు ముందు కమిటీలో పెద్ద మాటల గొడవే జరిగింది. ఇక గొంగళిని ఎవరూ తాకకూడదని సంతోషకుమారి చెప్పింది. చెమట సంగతి, నూనె సంగతి చెప్పింది. పెద్దవాళ్ళలో కొందరు లేచి నిలబడ్డారు. తాకడానికే కదా జనం వచ్చేది, అద్దంలో చూడ్డానికి అయితే ఫొటో చాలదా అన్నారు. కొత్తగా వచ్చిన మేడమ్ మన నమ్మకాలను పురుగంటోందని ఒకాయన అన్నాడు. సాల్మన్ గారు ఆమె పక్షాన మాట్లాడాడు గాని ఎవరూ వినలేదు. చివరికి ఏసోబు గారు ఏమంటే అదే అనుకున్నారు. ఆయన మీటింగుకు రాలేదు. పండగనాడు చెబుతానని కబురు పంపాడు.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. గుమ్మడికాయలు, మిరప పళ్ళు, పత్తి బుట్టలు బలిపీఠం ముందు పేర్చారు. గొంగళి అద్దపు పెట్టెలో ఉంది. చిల్లులు కనబడేలా నడిమి భాగం పైకే పెట్టింది సంతోషకుమారి. వెనక బెంచీలో కూచుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. అద్దంకి వైపునుంచి వచ్చిన అంకమ్మ అనే ముసలావిడ, వరసలో ముందు నిలబడి, మూత తీయమని అడిగింది. వెనకనున్నవాళ్ళూ గొణగడం మొదలుపెట్టారు.

ఏసోబు గారు కర్ర ఆనించుకుని లేచాడు. మైకు వద్దన్నాడు. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు.

"మా తాత ఆ పిల్లల్ని మీరు తాకుతారని మొయ్యలేదు, బతుకుతారని మోశాడు. ఇప్పుడు దీన్ని బతకనివ్వండి."

అని అంకమ్మ చెయ్యి పట్టుకుని తన చేతిలోకి తీసుకున్నాడు. తాకాలంటే నన్ను తాకు, నేను ఆయన రక్తమే అన్నాడు. ఆవిడ ఆ చేతిని కళ్ళకద్దుకుంది. తర్వాత వచ్చినవాళ్ళూ అలాగే చేశారు. కొందరు మాత్రం మొహం చిట్లించి పెట్టె వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయారు. ముసలాయన ఆరాధన అయ్యేదాకా అలా నిలబడే ఉన్నాడు. కాళ్ళు లాగుతున్నాయని మధ్యలో రెండుసార్లు కుర్చీ అడిగి, తెచ్చాక కూచోలేదు.

సంతోషకుమారి ఉద్యోగం పోలేదు. ఆమె భయమూ పోలేదు. ప్రతి సోమవారం తలుపులు మూసి జిగురట్టలు తిరగేస్తుంది. వేసవి అంతా ఖాళీగానే ఉన్నాయి. ఆగస్టులో, ముసురు పట్టిన రోజుల్లో, పక్షుల బీరువా కింది అట్ట మీద ఒకే ఒక్క వడ్లపొట్టు రంగు రెక్కల పురుగు కనబడింది. భూతద్దం తీసి తలమీది ఎర్ర కుచ్చు చూసింది. ఈసారి స్టూలు మీద కూలబడలేదు. అప్పటికప్పుడే సాల్మన్ గారికి ఫోను చేసి, పక్షులకు చిమ్మెట పట్టిందండీ అని చెప్పింది. తర్వాత ప్రసన్నకుమార్‌కు చేసి, వ్యాను ఏ రోజు ఖాళీ అని అడిగింది.